వద్దనలేదు కాబట్టి సరేనన్నట్టా? లైంగిక దాడి చట్టంలో సమ్మతి, నేరోద్దేశం

అత్యాచారం కేసులో కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు నిజానికి రెండు. ఆ స్త్రీ సమ్మతించిందా లేదా అన్నది మొదటిది. సమ్మతి లేదన్న సంగతి ఆ పురుషుడికి తెలుసా, కనీసం తెలుసుకోగలిగిన స్థితిలో ఉన్నాడా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు ఆమె మాటల్లో, ప్రవర్తనలో వెతకాలి. రెండోదానికి జవాబు అతని ఆలోచనలో, అతను పడిన జాగ్రత్తలో వెతకాలి. మన కోర్టు తీర్పుల్లో చాలాసార్లు ఈ రెండూ కలగలిసిపోతాయి. అతను పొరబడి ఉండొచ్చన్న అనుమానం కాస్తా ఆమె ఒప్పుకునే ఉంటుందన్న నిర్ధారణగా మారిపోతుంది. అక్కడితో కేసు వీగిపోతుంది. దీనికి చట్టం బలహీనంగా ఉండటం కారణం కాదు. చట్టంలో ఉన్న సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవకపోవడమే కారణం.

2024 జులై 1 తర్వాత జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ వర్తిస్తుంది. అంతకు ముందు జరిగినవాటికి పాత భారతీయ శిక్షాస్మృతి, అంటే ఐపీసీయే. అత్యాచారాన్ని నిర్వచించే 375వ సెక్షన్ ఇప్పుడు 63 అయింది, శిక్ష చెప్పే 376వ సెక్షన్ 64 అయింది. నంబర్లు మారినా, సమ్మతికి సంబంధించిన మాటలు దాదాపు పాతవే. కాబట్టి ఐపీసీ కింద వచ్చిన తీర్పులన్నీ ఇప్పటికీ పనికొస్తాయి.

63వ సెక్షన్ ఏడు సందర్భాలు చెబుతుంది. ఇష్టానికి విరుద్ధంగా జరిగితే ఒకటి, సమ్మతి లేకుండా జరిగితే రెండు. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, కానీ కాదు. నిద్రలో ఉన్న స్త్రీ వ్యతిరేకించలేదు కాబట్టి ఇష్టానికి విరుద్ధమని చెప్పడం కష్టం కావచ్చు. సమ్మతి మాత్రం లేదు, అందులో సందేహమే లేదు. ఈ తేడాను ఛోటేలాల్ కేసులో 2011లో సుప్రీంకోర్టు వివరించింది. తనకో, తనవాళ్లకో చావో గాయమో తప్పదని భయపెట్టి ఒప్పించడం మూడోది. నిజానికి తాను భర్త కాడని అతనికి తెలిసీ, భర్తేనన్న భ్రమలో ఆమె ఒప్పుకుంటే నాలుగోది. మతిస్థిమితం లేకనో, మత్తులోనో జరిగేదేమిటో అర్థం చేసుకోలేని స్థితిలో ఇచ్చిన ఒప్పుకోలు ఐదోది. 18 ఏళ్లు నిండని వయసు ఆరోది. సమ్మతి తెలియజేయలేని స్థితి ఏడోది.

ఈ ఏడింటిలో నిందితుడికి ఏం తెలుసు అన్న ప్రస్తావన ఉన్నది ఒక్క నాలుగో దాంట్లోనే. మిగతా ఆరింటిలో అతని మనసు గురించి ఒక్క మాట లేదు. ఈ మౌనాన్ని ఎలా పూరించాలన్నదే ఇక్కడ అసలు చిక్కు.

సమ్మతి అంటే చట్టం ఏమంటోంది

2012 డిసెంబరు 16 ఢిల్లీ ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో సమ్మతికి నిర్వచనం చేరింది. అదే మాట ఇప్పుడు 63వ సెక్షన్‌లో రెండో వివరణగా ఉంది. దాని సారం ఇది: మాటలతో గానీ, సైగలతో గానీ, మరే రకంగా గానీ, ఫలానా లైంగిక చర్యలో పాల్గొనడానికి తాను సిద్ధమేనని తెలియజేస్తూ స్త్రీ తన ఇష్టపూర్వకంగా, ఎలాంటి సందిగ్ధతా లేకుండా ఇచ్చే ఒప్పుకోలే సమ్మతి. శారీరకంగా ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో ఆమె సమ్మతించిందని అనుకోకూడదని దాని కిందే మరో వాక్యం ఉంది.

ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. సందిగ్ధత లేకుండా అన్నారు కాబట్టి, ఔనో కాదో తెలియని తటపటాయింపు సమ్మతి కిందికి రాదు. ఫలానా చర్య అన్నారు కాబట్టి, ముద్దుకు ఒప్పుకున్నంత మాత్రాన సంభోగానికి ఒప్పుకున్నట్టు కాదు. గదికి రావడం, కలిసి మందు తాగడం, పోయిన వారం ఒప్పుకోవడం, ఇవేవీ ఈ రోజు ఈ పనికి ఇచ్చిన అనుమతి కావు. అన్నిటికన్నా ముఖ్యమైనది, తెలియజేయడం అనే మాట. తెలియజేయాల్సింది సుముఖతనే, విముఖతను కాదు. ఆమె వద్దన్నదా అని అడగడం ఈ నిర్వచనం ప్రకారం తప్పు ప్రశ్న. సరేనని ఎలా చెప్పింది అన్నదే సరైన ప్రశ్న. మౌనం ఇక్కడ అర్ధాంగీకారం కాదు.

ఈ వాక్యం వెనుక చాలా పెద్ద చరిత్ర ఉంది. 1972 మార్చి 26 రాత్రి మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్‌లో ఒక ఆదివాసీ బాలికపై పోలీసులు అత్యాచారం చేశారన్న కేసులో సెషన్స్ కోర్టు నిందితులను వదిలేసింది. భయంతో లొంగిపోవడం సమ్మతి కాదంటూ బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, పెనుగులాడిన ఆనవాళ్లు లేవు, కాబట్టి అది ఇష్టంతోనే జరిగిందన్నది తుకారాం కేసుగా పేరుపడిన ఆ తీర్పులోని తర్కం. ఉపేంద్ర బక్షి, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, లోతికా సర్కార్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. సమ్మతికీ లొంగుబాటుకూ తేడా చూడలేదని అందులో నిలదీశారు. హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో 1978లో ఒక మహిళపై పోలీసులు అత్యాచారం చేశారన్న ఆరోపణ మీద నగరం అట్టుడికినదీ ఆ రోజుల్లోనే. దానిపై విచారణ జరిపిన ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, రాయచూరుకు బదిలీ అయిన కేసులో వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇలాంటి కేసులపై దేశమంతా రేగిన ఆగ్రహమే 1983 చట్ట సవరణకు దారితీసింది.

విచిత్రమేమిటంటే, లొంగుబాటు సమ్మతి కాదన్న సూత్రం మన కోర్టులకు కొత్తదేమీ కాదు. 1958లోనే రావ్ హరనారాయణ్ సింగ్ కేసులో పంజాబ్ హైకోర్టు ఆ మాట స్పష్టంగా చెప్పింది. ప్రతి సమ్మతిలోనూ లొంగుబాటు ఉంటుంది గానీ ప్రతి లొంగుబాటూ సమ్మతి కాదని, నిస్సహాయంగా ఊరుకోవడాన్ని ఒప్పుకోలుగా చూడకూడదని ఆ తీర్పు సారాంశం. 20 ఏళ్ల తర్వాత అత్యున్నత న్యాయస్థానమే దాన్ని పట్టించుకోలేదు. తీర్పుల్లో ఉన్న సూత్రాన్ని చట్టంలోకి రాసి పెట్టాల్సిన అవసరం అందుకే వచ్చింది.

పొరబడ్డానంటే సరిపోతుందా

ఇక రెండో ప్రశ్న. సమ్మతి లేదని తేలింది సరే, ఉందని అతను నిజంగానే అనుకున్నాడనుకుందాం. అప్పుడు నేరమా, కాదా?

దీనికి ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన జవాబు ఇంగ్లండ్‌లోని మోర్గాన్ కేసు. 1973లో వైమానిక దళంలో పనిచేసే ఒకడు ముగ్గురు సహోద్యోగులను తన ఇంటికి తీసుకెళ్లాడు. తన భార్య పెనుగులాడినా అది నటనేనని, ఆమెకు అదే ఇష్టమని ముందే చెప్పాడు. ముగ్గురూ ఆమెపై అత్యాచారం చేశారు. ఆమె ఒప్పుకుందనే నమ్మామన్నది వాళ్ల వాదన. 1975లో అప్పటి అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన తీర్పు ప్రకారం నమ్మకం నిజాయతీగా ఉంటే చాలు, అది సహేతుకం కాకపోయినా నేరోద్దేశం లేనట్టే. అంత నమ్మశక్యం కాని కథను ఏ జ్యూరీ ఒప్పుకోదు కాబట్టి వాళ్ల శిక్షలు మాత్రం నిలిచాయి. ఈ సూత్రం ఎంత ప్రమాదకరమో విడమరచి చెప్పక్కర్లేదు. ఆడవాళ్ల గురించి ఎంత మూఢంగా ఆలోచిస్తే అంత రక్షణ దొరుకుతుంది. 2003 లైంగిక నేరాల చట్టంతో ఇంగ్లండ్ దాన్ని వదిలేసింది. నమ్మకం సహేతుకంగా ఉండాలి, ఆమె సమ్మతిని తెలుసుకోవడానికి అతను ఏ ప్రయత్నం చేశాడో కూడా చూడాలి అన్నది ఇప్పటి నియమం. కెనడా 1992లోనే ఆ దారి పట్టింది. తనకు తెలిసిన పరిస్థితుల్లో తీసుకోదగిన చర్యలు తీసుకోనివాడు పొరబడ్డాననే వాదనకు అక్కడ అర్హుడే కాడు. స్వీడన్ 2018 జులై 1 నుంచి నిర్లక్ష్యపు అత్యాచారం అనే విడి నేరాన్నే తెచ్చింది.

మన దగ్గర ఏముంది? 63వ సెక్షన్‌లో వెతికితే ఏమీ దొరకదు. వెతకాల్సింది సంహిత మొదటి అధ్యాయాల్లో. 17వ సెక్షన్, అంటే పాత 79, వాస్తవం విషయంలో పొరబడి తన పని చట్టబద్ధమేనని సదుద్దేశంతో నమ్మినవాడికి రక్షణ ఇస్తుంది. ఇక్కడ సదుద్దేశం అంటే మంచి మనసు అని కాదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిందీ నమ్మిందీ ఏదీ సదుద్దేశం కిందికి రాదని సంహిత 2వ సెక్షన్‌లోని నిర్వచనం తేల్చి చెబుతుంది. 1860 నాటి ఐపీసీ 52వ సెక్షన్‌లోనూ ఇదే ఉంది. అంటే మోర్గాన్ సూత్రానికి మన చట్టంలో మొదటి నుంచీ చోటు లేదు. నిజాయతీగా నమ్మాను అంటే చాలదు, జాగ్రత్తపడి నమ్మాను అని చూపాలి. ఇంగ్లండ్ 2003లో చేరుకున్న చోటికి మన శిక్షాస్మృతి అంతకు 140 ఏళ్ల ముందే చేరుకుంది. తీర్పుల్లో దీన్ని వాడుకున్నది మాత్రం బాగా తక్కువ.

వాస్తవ పొరపాటుకు మన కోర్టులు క్షమించిన సందర్భాలు చూస్తే తేడా కళ్లకు కడుతుంది. ఒడిశాలో పాడుబడిన విమానాశ్రయంలో రాత్రిపూట కదులుతున్న ఆకారాలను దెయ్యాలనుకుని ఒక నేపాలీ సేవకుడు కుక్రీతో నరికాడు. అక్కడున్నది మనుషులే, అందులో ఒకామె చనిపోయింది. రామ్ బహదూర్ థాపా కేసుగా తెలిసిన ఇందులో హైకోర్టు అతనికి 79వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. చీకటి, భయం, నిజం తెలుసుకునే వ్యవధి లేకపోవడం, ఇవన్నీ అక్కడున్నాయి. సమ్మతి విషయంలో ఇవేవీ లేవు. ఎవరి మనసు తెలుసుకోవాలో ఆ మనిషి ఎదురుగానే ఉంటుంది. ఒక్క మాట అడిగితే తెలిసిపోతుంది. అడగకుండా ఊహించుకున్నవాడు జాగ్రత్తపడ్డాడని ఎలా అంటాం?

మరో మెట్టు ఉంది. మినహాయింపు కోరేవాడే దానికి సంబంధించిన పరిస్థితులను రుజువు చేసుకోవాలని పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్, పాత 105, చెబుతుంది. ప్రాసిక్యూషన్ మాదిరిగా సందేహానికి తావులేనంతగా రుజువు చేయనక్కర్లేదు, నిజమయ్యే అవకాశమే ఎక్కువని చూపిస్తే చాలు. కానీ చూపించాలి. ఇవ్వని రుజువు మీద ఆధారపడి, పొరబడి ఉండొచ్చు కదా అంటూ సంశయ లబ్ధి ఇస్తే ఆ మెట్టును దాటేసినట్టే.

సినీ దర్శకుడు మహమూద్ ఫారూఖీపై వచ్చిన అత్యాచారం కేసులో ఢిల్లీ హైకోర్టు 2017 సెప్టెంబరు 25న ఇచ్చిన తీర్పు మీద వచ్చిన విమర్శ ఇక్కడే ఉంది. కింది కోర్టు ఏడేళ్ల శిక్ష వేయగా, హైకోర్టు సంశయ లబ్ధి కింద నిర్దోషిగా ప్రకటించింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది కాబట్టి ఆ వ్యక్తి విషయంలో అదే తుది మాట. చర్చ తీర్పులోని తర్కం గురించి మాత్రమే. ఇద్దరూ పరిచయస్తులు, చదువుకున్నవాళ్లు అయినప్పుడు బలహీనంగా పలికిన కాదు ఔను కూడా కావచ్చని, ఆమె భయపడిన సంగతి అతనికి తెలియజేయలేదని, అతను పొరబడి ఉండే అవకాశం ఉందని హైకోర్టు భావించింది. 2013 నిర్వచనంతో పోల్చి చూస్తే ఇది తలకిందులు. చట్టం సుముఖత తెలియజేయాలంటుంటే, తీర్పు విముఖత తెలియజేయలేదంటోంది. బలహీనంగానైనా కాదు అన్న మాట వినపడిన చోట సందిగ్ధత ఉన్నట్టే, సందిగ్ధత ఉంటే సమ్మతి లేనట్టే. ఆ తర్వాత మిగిలేది 17వ సెక్షన్ ఒక్కటే, దాన్ని పరీక్షించాల్సింది తగిన జాగ్రత్త అనే కొలతతో. ఆ రెండు అడుగులూ విడివిడిగా వేసి ఉంటే ఫలితం ఏమై ఉండేదో గానీ, తర్వాతి కేసులకు మాత్రం స్పష్టమైన దారి దొరికేది.

తాగి ఉన్నాను, అర్థం కాలేదు అనే వాదన తరచూ వస్తుంది. తనంతట తానే తాగినవాడికి, తాగకుండా ఉంటే ఎంత తెలివి ఉండేదో అంత తెలివీ ఉన్నట్టే భావించాలని బీఎన్ఎస్ 24వ సెక్షన్ అంటోంది. కాబట్టి అతని మత్తు అతన్ని కాపాడదు. ఆమె మత్తు మాత్రం ఆమె సమ్మతిని రద్దు చేయగలదు, ఆ మందు ఎవరు పోసినా, ఆమే తాగినా.

భయం విషయంలో 28వ సెక్షన్, పాత 90, బాగా ఉపయోగపడుతుంది. ఫొటోలు బయటపెడతానని, ఉద్యోగం తీయించేస్తానని బెదిరించి లొంగదీసుకుంటే 63లోని మూడో సందర్భం చాలదు, ఎందుకంటే అక్కడ చెప్పింది చావు, గాయం గురించే. 28వ సెక్షన్‌లోని హాని అనే మాటకు శరీరం, మనసు, పరువు, ఆస్తి నాలుగూ వస్తాయి. పరువు పోతుందన్న భయంతో ఇచ్చిన సమ్మతి కూడా సమ్మతి కాదు. ఆ భయం వల్లే ఆమె ఒప్పుకుందని అతనికి తెలిసి ఉండాలి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండాలి. బెదిరించింది అతనే అయినప్పుడు అది రుజువు చేయడం కష్టం కాదు. ఛార్జిషీట్లో ఈ సెక్షన్ రాయకపోవడం, బెదిరింపు ఏ రోజు ఏ రూపంలో వచ్చిందో వాంగ్మూలంలో నమోదు చేయకపోవడం వల్ల మంచి కేసులు పాడవుతున్నాయి.

పెళ్లి చేసుకుంటానన్న మాట

తెలుగు రాష్ట్రాల పోలీస్ స్టేషన్లలో ఈ తరహా ఫిర్యాదులు చాలా మామూలు. ఇక్కడ సమ్మతి ఉందా లేదా అన్న ప్రశ్న పూర్తిగా అతని ఉద్దేశం మీదే ఆధారపడుతుంది. ఆమె ఒప్పుకుంది, కానీ పెళ్లి చేసుకుంటాడని నమ్మి ఒప్పుకుంది. మాట ఇచ్చిన రోజే అతనికి చేసుకునే ఉద్దేశం లేకపోతే అది మోసం, ఆ సమ్మతి 28వ సెక్షన్ ప్రకారం అపోహతో ఇచ్చినది. ఆ రోజు నిజంగానే చేసుకోవాలనుకుని, తర్వాత తల్లిదండ్రులు ఒప్పుకోకో, గొడవలు వచ్చో వెనక్కి తగ్గితే అది మాట తప్పడమే గానీ అత్యాచారం కాదు. దీపక్ గులాటీ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. 2019 ఆగస్టులో ప్రమోద్ సూర్యభాన్ పవార్ తీర్పులో దాన్ని రెండు షరతులుగా కుదించింది. మాట ఇచ్చేనాటికే అది దురుద్దేశంతో ఇచ్చిన అబద్ధమై ఉండాలి, ఆమె నిర్ణయానికి ఆ మాటతో నేరుగా సంబంధం ఉండాలి.

మనసులో ఆనాడు ఏముందో ఎలా తెలుస్తుంది? ఆధారాలు ఎప్పుడూ చుట్టూ ఉన్న సంగతుల్లోనే దొరుకుతాయి. 2019లోనే వచ్చిన అనురాగ్ సోనీ కేసులో నిందితుడికి అప్పటికే వేరే అమ్మాయితో పెళ్లి కుదిరింది. ఆ ఒక్క వాస్తవం అతని ఉద్దేశాన్ని పట్టిచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన యెడ్ల శ్రీనివాసరావు కేసు 2006లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. మొదట ఆమె ఒప్పుకోలేదు, పెళ్లి మాట పదే పదే చెప్పాకే లొంగింది. గర్భం వచ్చాక పంచాయితీ పెడితే ఒప్పుకుని గడువు అడిగి, తర్వాత కనిపించకుండా పోయాడు. మొదటి నుంచీ చేసుకునే ఉద్దేశం లేదని కోర్టు తేల్చి శిక్షను ఖాయం చేసింది. దీనికి భిన్నంగా 2003 నాటి ఉదయ్ కేసులో ఇద్దరివీ వేర్వేరు కులాలని, పెళ్లికి ఇంట్లో ఒప్పుకోరని ఆమెకు మొదటి నుంచీ తెలుసని చెప్పి కోర్టు నిందితుడిని వదిలేసింది.

ఈ తీర్పులను చదివితే ఫిర్యాదులో ఏం ఉండాలో తెలుస్తుంది. స్టేషన్‌లో అలవాటుగా పడిపోయే వాక్యం ఒకటుంది: సదరు వ్యక్తి నన్ను పెళ్లి చేసుకుంటానని నమ్మించి, శారీరకంగా లోబరచుకుని, ఇప్పుడు మోసం చేసినాడు. ఫిర్యాదు రాసే స్టేషన్ రైటర్ చేతిలో ఏ ఫిర్యాదైనా ఈ ఒక్క వాక్యంలోకి ఒదిగిపోతుంది. కోర్టుకు కావాల్సింది ఇందులో ఒక్కటీ లేదు. పెళ్లి మాట మొదటిసారి ఎప్పుడు, ఎక్కడ, ఏ మాటల్లో చెప్పాడు? అంతకు ముందు ఆమె కాదందా? అప్పటికే అతనికి పెళ్లయిందా, సంబంధం కుదిరిందా? తన పేరు, మతం, ఉద్యోగం గురించి అబద్ధం చెప్పాడా? ఇంట్లోవాళ్లకు ఆమె గురించి ఎప్పుడైనా చెప్పాడా? ఎప్పుడు, ఏ కారణం చెప్పి మాట మార్చాడు? ఈ వివరాలు మొదటి వాంగ్మూలంలో లేకుండా కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడే బయటికొస్తే, తర్వాత కల్పించారని డిఫెన్స్ లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో పట్టుకుంటాడు. నిజంగా మోసపోయిన స్త్రీ కేసూ, ఇష్టపడి కలిసి తర్వాత విడిపోయిన జంట కేసూ కాగితం మీద ఒకేలా కనిపించడానికి ఈ ఒక్క వాక్యమే కారణం. రెండు రకాలవాళ్లకూ దానివల్ల అన్యాయమే.

బీఎన్ఎస్‌లో కొత్తగా వచ్చిన 69వ సెక్షన్ దీన్ని విడి నేరం చేసింది. నెరవేర్చే ఉద్దేశం లేకుండా పెళ్లి మాట ఇచ్చి, లేదా ఉద్యోగం, ప్రమోషన్ ఆశ చూపి, లేదా అసలు తానెవరో దాచి పెళ్లాడి సంభోగం చేస్తే గరిష్ఠంగా పదేళ్ల జైలు. అత్యాచారం కిందికి రాని సంభోగానికే ఇది వర్తిస్తుందని సెక్షన్‌లోనే ఉంది. కనిష్ఠ శిక్ష లేదు. అత్యాచారానికైతే పదేళ్లు కనిష్ఠం. రుజువు చేయాల్సిన దురుద్దేశం మాత్రం రెండింటికీ ఒకటే. 69 వచ్చింది కదా, ఉద్దేశం రుజువు తేలికైందని అనుకుంటే పొరపాటు. విచారణలో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, మాట ఇచ్చిన రోజు అతని మనసులో ఏముంది?

రుజువు ఎవరిది, ఎక్కడ చెడుతుంది

1983లో సాక్ష్య చట్టంలో చేరిన 114ఏ, ఇప్పుడు సాక్ష్య అధినియం 120వ సెక్షన్, ఒక ముఖ్యమైన వెసులుబాటు. సంభోగం జరిగిందని రుజువై, తాను సమ్మతించలేదని ఆమె కోర్టులో చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. లేదు, ఉందని చూపాల్సింది నిందితుడే. అయితే ఇది అన్ని కేసులకూ కాదు. బీఎన్ఎస్ 64వ సెక్షన్ రెండో ఉపవిభాగంలోని సందర్భాలకే: స్టేషన్‌లో పోలీసు, కస్టడీలో ఉంచుకున్న ప్రభుత్వోద్యోగి, ఆసుపత్రి సిబ్బంది, బంధువు, సంరక్షకుడు, గురువు, నమ్మకం గానీ పెత్తనం గానీ ఉన్న స్థానంలోని వ్యక్తి, ఒకే స్త్రీపై మళ్లీ మళ్లీ చేసినవాడు, ఇలాంటివి. నిందితుడు ఆమె పై అధికారి అయినప్పుడు, ట్యూషన్ మాస్టారైనప్పుడు, బాబాయో బావో అయినప్పుడు కేవలం 64(1) కింద ఛార్జి వేస్తే ఆమె ఈ వెసులుబాటును కోల్పోతుంది. సరైన ఉపవిభాగం ఎంచుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కేసు గెలుపోటములు చాలాసార్లు అక్కడే తేలిపోతాయి.

వైద్య పరీక్ష విషయానికొస్తే, సమాచారం అందిన 24 గంటల్లో బాధితురాలిని డాక్టర్ దగ్గరికి పంపాలని, డాక్టర్ ఏడు రోజుల్లో నివేదిక ఇవ్వాలని పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 184వ సెక్షన్ చెబుతుంది. ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష. శరీరం నుంచి నమూనాలు 96 గంటల దాకా సేకరించాలని కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు అంటున్నాయి. అయితే మూడు రోజులు దాటితే దొరికే అవకాశం బాగా పడిపోతుంది. నివేదికలో గాయాలు లేవని రాస్తే సమ్మతి ఉన్నట్టు కాదు, వీర్యం దొరకలేదంటే సంభోగం జరగనట్టూ కాదు. ఈ రెండు పొరపాట్లూ నేటికీ వాదనల్లో వినిపిస్తూనే ఉన్నాయి. ఆమెకు అంతకు ముందు లైంగిక అనుభవం ఉందో లేదో తేల్చే పేరుతో చేసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లోనే తప్పుపట్టింది. 2022 అక్టోబరు 31న అది చేసిన డాక్టర్‌ను దుష్ప్రవర్తనకు బాధ్యుణ్ని చేయాలని ఆదేశించింది. ఆమె గత లైంగిక జీవితం సమ్మతి ప్రశ్నకు సంబంధం లేనిదని సాక్ష్య అధినియం 48వ సెక్షన్ స్పష్టంగా చెబుతుంది. అలాంటి ప్రశ్న క్రాస్‌లో వస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్ వెంటనే లేచి అభ్యంతరం చెప్పాలి. రికార్డులోకి వెళ్లిపోయాక దాని ప్రభావాన్ని తీసేయడం కష్టం.

అతని మనసును పట్టిచ్చేవి ఈ రోజుల్లో ఎక్కువగా ఫోన్లోనే ఉంటాయి. మర్నాడు పంపిన క్షమాపణ మెసేజ్, నిన్న నువ్వు వద్దన్నా ఆగలేకపోయాను అన్న వాయిస్ నోట్, ఎవరికీ చెప్పొద్దన్న బతిమాలడం, ఇవన్నీ అతనికి ఏం తెలుసన్న ప్రశ్నకు నేరుగా జవాబిస్తాయి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి పెడితే సరిపోదు. సాక్ష్య అధినియం 63(4) కింద హ్యాష్ విలువతో, అంటే ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తుతో సహా సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మార్చేముందు, రీసెట్ చేసేముందు దాన్ని దర్యాప్తు అధికారికి అప్పగించి పంచనామా రాయించుకోవడం మంచిది. కోపంతో చాట్ మొత్తం డిలీట్ చేయడం వల్ల ఆమెకు పనికొచ్చేదే ముందు పోతుంది. నిందితుడి వైపు నుంచి చూసినా అంతే. నిజంగా సమ్మతి ఉన్న బంధమైతే ఆ సంభాషణే అతనికి రక్షణ.

ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, ఆ పరిధి కాదన్న కారణంతో తిప్పి పంపకూడదు. అత్యాచారం ఫిర్యాదును నమోదు చేయని ప్రభుత్వోద్యోగికి బీఎన్ఎస్ 199 కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన కారాగారం. వాంగ్మూలం మహిళా అధికారి నమోదు చేయాలి, దర్యాప్తు రెండు నెలల్లో ముగియాలి. మేజిస్ట్రేట్ ముందు నాగరిక సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద ఇచ్చే వాంగ్మూలంలో ఎలా తాకాడు, తాను ఏమంది, ఎటు జరిగింది, అతను ఏమన్నాడు అన్నవి వరుసగా ఉంటే రెండు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంటుంది. బలవంతం చేశాడు అన్న ఒక్క మాటతో సరిపెడితే రెండూ గాల్లో వేలాడతాయి.

ఈ రెండు ప్రశ్నలూ అసలు అడగని చోట్లు రెండున్నాయి. 18 ఏళ్ల లోపు అమ్మాయి విషయంలో సమ్మతి మాటే ఎత్తరు. పైగా పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 30వ సెక్షన్ నేరోద్దేశం ఉన్నట్టే ముందుగా భావిస్తుంది, లేదని నిందితుడే సందేహానికి తావులేకుండా చూపాలి. ఇక రెండోది పెళ్లి. 18 నిండిన భార్యతో భర్త జరిపే సంభోగం అత్యాచారం కాదన్న మినహాయింపు బీఎన్ఎస్ 63వ సెక్షన్ చివర ఇంకా ఉంది. 2017లో సుప్రీంకోర్టు వయసును 15 నుంచి 18కి పెంచింది గానీ మినహాయింపును ముట్టుకోలేదు. 2022 మే 11న ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పడంతో వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. విడిగా ఉంటున్న భార్యపై ఆమె సమ్మతి లేకుండా భర్త సంభోగం చేస్తే మాత్రం 67వ సెక్షన్ కింద రెండు నుంచి ఏడేళ్ల శిక్ష ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్న భార్యకు ఇప్పటికి మిగిలిన దారులు భర్త, అతని బంధువుల క్రూరత్వాన్ని శిక్షించే బీఎన్ఎస్ 85వ సెక్షన్, 2005 గృహహింస చట్టం. గృహహింస చట్టం లైంగిక వేధింపును హింసగా పేర్కొంటుంది, రక్షణ ఉత్తర్వు, నివాస హక్కు, పరిహారం ఇప్పిస్తుంది. దానికి మేజిస్ట్రేట్ కోర్టులో నేరుగా గానీ, జిల్లా రక్షణ అధికారి ద్వారా గానీ దరఖాస్తు చేసుకోవచ్చు.